మూగ రీలు చెప్పిన మాట

వందేళ్ళ కిందట పసిఫిక్ సముద్రంలో ఒక చిన్న దీవికి ఎవరో దొర కెమెరా పట్టుకెళ్ళి మూగ సినిమా తీశాడు. అందులో ఒక ఆడమనిషి ఒడ్డున కూర్చుని, కొబ్బరి పీచు తాడుతో వల అల్లుతూ పాట పాడుతుంది. పాడుతోందని పెదవులు చూస్తే తెలుస్తుంది. ఏం పాడుతోందో మాత్రం ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదు. తెలిసే దారి కూడా లేదు. ఆ భాష మాట్లాడే చివరి మనిషి పోయి చాలా కాలమైంది.

ఆ పాట విశాఖపట్నంలో, సాగర్‌నగర్ దగ్గర కొండవాలు మీదున్న ఒక ప్రయోగశాలలో వినిపించింది.

విదేశాల నుంచి వచ్చిన పండితులు కళ్ళు తుడుచుకున్నారు. ఒకాయన లేచి నిలబడి, తల వంచి, పాట అయిపోయాక కూడా చాలాసేపు అలాగే ఉండిపోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా వెనక నిలబడ్డ మృణాళిని కూడా కొట్టింది. కొడుతూనే ఒక మాట అనుకుంది. ఆ భాష తెలిసినవాళ్ళు భూమ్మీద ఒక్కరూ లేనప్పుడు, ఇది ఆ పాటేనని చెప్పేదెవరు?

అనుకున్నందుకు తనకే సిగ్గేసింది. చిన్నప్పటి నుంచీ ఆమెకు ఆ గుణం ఉంది. ఎవరైనా ఒక మాట చెబితే దాని వెనక చెప్పని మాట ఏదో ఉందనిపిస్తుంది.

ఆ ప్రయోగశాలలో ఆమె పని పాత రీళ్ళకు వైద్యం చేయడం. పట్టిన బూజు తుడవడం, చిరిగినచోట అతకడం, ముడుచుకుపోయిన ఫిల్మును మెల్లగా సాపు చేయడం. ఆమె చేతిలోంచి వెళ్ళిన రీలు నిరంజన్ యంత్రంలోకి వెళ్తుంది. ఆ యంత్రానికి అతను పెట్టిన పేరు వినికిడి.

నిరంజన్ నలభై నిండని శాస్త్రవేత్త. బాపట్ల వైపువాడు. మెత్తగా మాట్లాడతాడు, తినడం మరిచిపోతాడు. మృణాళిని ఉద్యోగంలో చేరిన రోజున అతను బల్లమీద గ్లాసుతో నీళ్ళు పెట్టి, ఆ నీళ్ళ మీదికి ఒక కొత్త కెమెరా గురిపెట్టాడు. మైకు లేదు.

"ఏదైనా మాట్లాడండి మేడమ్. గ్లాసు పక్కనే కూర్చుని."

"ఇవాళ బస్సులో ఒకావిడ నా కాలు తొక్కి నన్నే తిట్టింది," అంది మృణాళిని, ఏం తోచక.

కాసేపటికి యంత్రం ఆమె గొంతుతోనే బస్సు సంగతి తిరిగి చెప్పింది. 

"మనం మాట్లాడితే గాలి కదులుతుంది. పక్కనున్నవన్నీ వణుకుతాయి. నీళ్ళు, ఆకులు, చీర కొంగు, చివరికి మన మెడ మీది చర్మం. కంటికి కనిపించనంత వణుకు. అది ఫిల్ము మీద పడే ఉంటుంది. దాన్ని చదవడం ఒక్కటే మన పని," అన్నాడు నిరంజన్.

అప్పటి నుంచి వినికిడి చాలానే చదివింది. యూరప్‌లో ఒక సంతలో మల్లయోధుడు బరి బయట నిలబడి ఎదుటివాడిని తిట్టిన తిట్లు. జపాన్‌లో ఒక రైలు స్టేషనులో టీ అమ్మేవాడి కేక. ఇప్పుడీ దీవి పాట. దీంతో పేరు మోగిపోయింది. ఇళ్ళలో అటకల మీద మూలుగుతున్న చిన్న చిన్న మూగ రీళ్ళు పట్టుకుని మామూలు జనం రావడం మొదలుపెట్టారు. పోయిన తల్లి, పోయిన భర్త, పోయిన బిడ్డ. ఒక్కసారి గొంతు వినిపించమని.

అలాంటి రీలు మృణాళిని ఇంట్లోనూ ఒకటి ఉంది.

* * *

మృణాళిని తండ్రి సింహాద్రి సరుకు ఓడల్లో రేడియో ఆపరేటరుగా పనిచేశాడు. ఒక ప్రయాణంలో యొకొహామా రేవులో చిన్న సినిమా కెమెరా కొన్నాడు. సెలవుకి ఇంటికొచ్చి, భార్య కుముదినినీ మూడేళ్ళ మృణాళినినీ తీసుకుని భీమిలి సముద్రపు ఒడ్డుకి వెళ్ళాడు. ఆ సాయంత్రం తీసిన రీలే ఆ ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క రీలు. ఆ సాయంత్రమే కుముదిని సముద్రంలో పోయింది.

ఇది నలభై ఏళ్ళకు పైమాట. సింహాద్రి మళ్ళీ ఓడ ఎక్కలేదు. మళ్ళీ పెళ్ళీ చేసుకోలేదు. జగదాంబ కూడలి దగ్గర రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టి కూతుర్ని పెంచాడు. జడలు వేశాడు, జ్వరమొస్తే తెల్లవార్లూ కూర్చున్నాడు, డిగ్రీ దాకా చదివించాడు. కానీ ఆ సాయంత్రం ఏం జరిగిందో మాత్రం ఒక్క మాట చెప్పలేదు. అడిగితే, "కెరటం వచ్చింది తల్లీ," అనేవాడు. అంతే. రెండోసారి అడిగితే లేచి కొట్లోకి వెళ్ళిపోయేవాడు.

ఆ మౌనాన్ని నింపే పని పైడి పిన్ని తీసుకుంది. ఆవిడ కుముదిని చెల్లెలు. విజయనగరంలో ఉంటుంది. ఎప్పుడు వచ్చినా, బావ పక్కగదిలో ఉండగానే గొంతు తగ్గించి అదే మాట అనేది.

"మా అక్కకి నీళ్ళంటే బయం లేదే. సెరువులో సేపపిల్లనాగ ఈదేది. అలాటి మనిసి మునిగిపోయిందంటే నానెలగ నమ్మేది? మీ నాన్న నోరెందుకిప్పడో, ఆ దేవుడికే తెలియాలి."

మృణాళినికి తండ్రి అంటే ప్రాణం. ఆ ప్రాణం లోపలే ఈ ముల్లు కూడా పెరిగింది. అన్నం వడ్డిస్తూ ఆయన చేతులు చూసేది. ఈ చేతులు ఏం చేశాయో అనుకునేది. అనుకుని, మరో గరిటె పప్పు ఎక్కువ వేసేది.

దీవి పాట సంగతి పేపర్లో వచ్చిన రోజు మధ్యాహ్నం ఆమె భోజనాల దగ్గర అడిగేసింది.

"నాన్నా, అమ్మ రీలు ఇస్తారా? అమ్మ గొంతు వినాలని ఉంది."

సింహాద్రి ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపేశాడు. "వద్దమ్మా."

"ఎందుకు?"

"వద్దంటన్నాను కదా. కొన్ని ఆగిపోయినకాడ ఆగిపోనీయాలి."

అందులో ఏ నేరమూ లేదు. వృద్ధుడు అనదగ్గ మాటే. కానీ ఆయన చూపు కూతురి ముఖం మీద నిలవలేదు. మృణాళిని అదే చూసింది. మర్నాడు ఆయన పింఛను పని మీద బ్యాంకుకి వెళ్ళినప్పుడు బీరువా కింది అరలోంచి రీలు తీసి సంచిలో వేసుకుంది.

* * *

ఫిల్ము బాగానే ఉంది. అంచుల్లో కాస్త బూజు, అంతే. ఆమె స్వయంగా శుభ్రం చేసింది.

బొమ్మ మామూలుది. సముద్రం. ఇసకలో పిచ్చికగూళ్ళు కడుతున్న పాప. తర్వాత నీలం చీరలో కుముదిని, గాలికి కొంగు ఎగురుతుంటే పట్టుకుంటూ కెమెరా వైపు తిరిగి ఏదో అంటుంది. నవ్వు ముఖంలో సగమే ఉంది. మిగతా సగం ఏమిటో తెలియదు. జుట్టు పెదవుల మీద పడింది. ఒక అడుగు ముందుకేస్తుంది. అక్కడ రీలు ఆగిపోతుంది.

"దీనికన్నా ముందు మీరు అమ్మగారి గురించి కాసేపు మాట్లాడాలి. ఏ ఊరు, ఎలాంటి మనిషి, ఏం జరిగింది, అన్నీ. యాస పట్టుకోవడానికి పనికొస్తుంది," అన్నాడు నిరంజన్. రీళ్ళు తెచ్చిన ప్రతివాళ్ళనీ అతను అలాగే మైకు ముందు కూర్చోబెడతాడు.

మృణాళిని మాట్లాడింది. తల్లి గురించి తనకు గుర్తున్నది ఏమీ లేదు. విన్నదే చెప్పింది. చెరువులో చేపపిల్లలా ఈదే మనిషి అని చెప్పింది. తండ్రి నోరు విప్పడని చెప్పింది. ఎవరితోనూ అనని మాట కూడా, చీకటి గదిలో మైకు ఒక్కటే ఉండడం చేత, అనేసింది. నాన్న మీద నాకు అనుమానం ఉంది.

రెండు రోజుల తర్వాత నిరంజన్ ఆమెను కూర్చోబెట్టి మీట నొక్కాడు. ముందు సముద్రపు హోరు. తర్వాత గొంతు.

ఆ గొంతు వినగానే మృణాళినికి ఏడుపు ఆగలేదు. అచ్చం తన గొంతే. కాస్త లేతగా, కాస్త పైస్థాయిలో. తనకు తల్లి నుంచి ఏమొచ్చిందో ఇన్నేళ్ళకు తెలిసిందనుకుంది. మాటలు రెండోసారి విన్నప్పుడు గానీ బుర్రకెక్కలేదు.

"నీళ్ళలోకి రానని చెప్పేను కదా. ఎందుకలగ చూస్తన్నావు? నువ్వంటే నాకు భయంగా ఉంది."

నిరంజన్ తల దించుకున్నాడు. "నన్ను క్షమించండి మేడమ్. ఏం వస్తుందో మన చేతుల్లో ఉండదు."

* * *

ఆమె ఇంటికి వెళ్ళి, చెప్పులు కూడా విప్పకుండా, వరండాలో పేపరు చదువుకుంటున్న తండ్రి ముందు ఫోను పెట్టి అది వినిపించింది.

సింహాద్రి కళ్ళద్దాలు తీసేశాడు. విన్నాడు. వినడం అయ్యాక అడిగిన మొదటి మాట ఇది.

"ఇది కుముదిని గొంతేటి?"

"మీకే తెలియాలి," అంది మృణాళిని.

"మరోసారి పెట్టు."

పెట్టింది. ఆయన చెవి దగ్గరకు తీసుకుని విన్నాడు.  ఏదో వెతుక్కుంటున్నవాడిలా కళ్ళు మూసుకున్నాడు. కుముదిని ఆ మాట అనలేదని చెప్పలేదు. అన్నదని కూడా చెప్పలేదు.

"నాన్నా, ఒక్క మాట చెప్పండి. అమ్మని నీళ్ళలోకి మీరే తీసుకెళ్ళారా?"

"లేదు."

"మరి ఇలా ఎందుకంది?"

"నాకు తెలీదు తల్లీ."

"ఏం జరిగిందో చెప్పండి. ఇప్పుడైనా."

ఆయన ఆమె ముఖం వైపు చూశాడు. చెప్పబోయాడు. పెదవులు కదిలాయి కూడా. "నీకు చెప్పేది కాదమ్మా అది," అన్నాడు చివరికి.

ఇంకేం కావాలి? పోలీసులు అడిగినా దొంగ ఇలాగే అంటాడు. మృణాళిని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. మర్నాడు సింహాద్రి రెండు జతల బట్టలు సర్దుకుని భీమిలిలో ఉన్న పాత ఓడ స్నేహితుడు దానయ్య ఇంటికి వెళ్ళిపోయాడు. ఆమె ఆపలేదు. గుమ్మం దాకా కూడా రాలేదు.

పైడి పిన్నికి ఫోను చేసి సంగతి చెబితే, ఆవిడ సంతోషిస్తుందనుకుంది. పిన్ని ఏడ్చింది. "నానేదో నోటికొచ్చింది అనేదాన్నే. నిజవవుతాదని అనుకున్నానేటి?" అంది.

* * *

ఇలా ఉండగా ఒక ఉదయం ప్రయోగశాలలో గొడవైంది. రామభద్రం, కనకాంబ అని బొబ్బిలి నుంచి అన్నాచెల్లెళ్ళు వచ్చారు. ఇద్దరూ అరవై దాటినవాళ్ళే. వాళ్ళ తండ్రి, కనకాంబను అత్తవారింటికి పంపే రోజున గుమ్మంలో నిలబడి ఏదో అంటున్న రీలు ఒకటి ఉంది. ముందు అన్నగారు తెచ్చి వినిపించుకున్నాడు. ఆయనతో మాటల్లేని చెల్లెలు, ఆ సంగతి తెలియక, అదే రీలు మేనల్లుడి దగ్గర తీసుకుని తనూ తెచ్చి వినిపించుకుంది.

"మా నాన్న ఏమన్నాడో వినండి," అంటూ రామభద్రం ఫోను ఎత్తి పట్టుకున్నాడు. అందులో ఒక ముసలి గొంతు, "అబ్బాయి నా దగ్గరున్నాడు కదా, నాకేం దిగులు," అంది.

"నాది వినండి," అంది కనకాంబ. అందులో అలాంటి ముసలి గొంతే, "ఇది వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాకెవరున్నారు," అంది.

నిరంజన్ ఇద్దరికీ మంచినీళ్ళు ఇప్పించాడు. "రెండు సార్లు తీసిన కాపీలు వేరువేరండి. మధ్యలో బూజు పెరిగి ఉంటుంది. ఆ తేడా కావచ్చు," అన్నాడు.

మృణాళిని తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆ రీలును రెండుసార్లూ శుభ్రం చేసింది తనే. రెండోసారి వచ్చినప్పుడు దాని మీద తను వేసిన అతుకు అలాగే ఉంది, బూజన్నది లేదు. రెండూ ఒకటే రీలు. పెదవులు ఒకటే. మారింది వినిపించుకున్న మనుషులు.

మనుషులు మారితే ఏం మారుతుంది? మైకు ముందు చెప్పిన మాటలు మారతాయి.

ఆ ఆలోచన వచ్చాక ఆమె కూర్చోలేకపోయింది, నిలబడలేకపోయింది. తన రీలు ముందు తను చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. నాన్న మీద నాకు అనుమానం ఉంది. దానికి యంత్రం ఇచ్చిన జవాబు, నువ్వంటే నాకు భయంగా ఉంది. మొదటి రోజు గ్లాసు గుర్తొచ్చింది. అది కొత్త కెమెరా, క్షణానికి వేల బొమ్మలు తీసేది. నాన్న కెమెరా క్షణానికి ఇరవై బొమ్మలు కూడా తీయదు. ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య ఎంత మాట జారిపోతుంది? జారిపోయిందాన్ని ఎవరు తెచ్చి పెడుతున్నారు?

అనుమానం ఇప్పుడు తండ్రిని వదిలి యంత్రం మీదికి మళ్ళింది. కానీ పూర్తిగా వదల్లేదు. అదే ఆమెకు నచ్చలేదు.

* * *

భీమిలిలో దానయ్య ఇంటి అరుగు మీద సింహాద్రి పాత ట్రాన్సిస్టరు ఒకటి విప్పి కూర్చున్నాడు. కూతుర్ని చూసి లేవబోయాడు. ఆయన చిక్కిపోయాడు.

"నాన్నా, నాతో ఒకసారి లాబ్‌కి రండి. అమ్మ గురించి మీరు మైకులో మాట్లాడాలి."

"నేను చెప్పనన్నాను కదమ్మా."

"ఆ రోజు సంగతి కాదు. అమ్మ ఎలా ఉండేదో చెప్పండి చాలు. ఆ యంత్రం అబద్ధం చెబుతోందని నాకు అనుమానంగా ఉంది."

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టి ఆమె వైపు చూశాడు. "యంత్రం మీదేటి? మరి నా మీద?"

మృణాళిని అరుగు మీద దొర్లిన మరలు ఏరడం మొదలుపెట్టింది. ఆయన చొక్కా వేసుకుని వచ్చాడు.

మైకు ముందు సింహాద్రి చాలాసేపు మాట్లాడాడు. గాజు అద్దం ఇవతల నుంచి మృణాళిని విన్నది. తన తల్లికి చింతచిగురు ఇష్టమని ఆమెకు ఆ రోజే తెలిసింది. ఓడలో పనిచేస్తూ ఈత రాని మొగుడని తల్లి ఆయన్ని అందరిముందూ ఆటపట్టించేదట. ఓడ నుంచి ఆయన రాసే ఉత్తరాల్లో తప్పులు దిద్ది తిరిగి పంపేదట. ఆయన చెబుతూ రెండుసార్లు నవ్వాడు. తండ్రి నవ్వు అలా ఉంటుందని ఆమె మరిచిపోయింది.

రీలు అదే. ఒక్క మచ్చ కూడా తుడవలేదు. నిరంజన్‌కు ఇష్టం లేకపోయినా మళ్ళీ ఎక్కించాడు. సాయంత్రానికి మాట వచ్చింది. గొంతు మొన్నటిదే.

"నువ్వు రాకు, నీకు ఈత రాదు కదా. నేనొక్కదాన్నే అలగ వెళ్ళి వచ్చెస్తాను."

 మృణాళిని నిరంజన్ వైపు తిరిగింది.

"అవే పెదవులు. అదే కొంగు. ఇందులో ఏది మా అమ్మ మాట?"

నిరంజన్ తెర మీద బొమ్మను ముందుకీ వెనక్కీ జరిపాడు.

"రీలులో ఉన్నదేదో అది వినిపించండి. మేం చెప్పింది కలపకుండా."

అతను కొంచెంసేపు తటపటాయించి మీట నొక్కాడు. వచ్చింది గాలి చప్పుడు. మధ్యలో ఒకచోట కాస్త పైకి లేచింది, కాస్త దిగింది, మళ్ళీ లేచింది. గోడ అవతల ఎవరో మాట్లాడుకుంటే వినిపించినంత కూడా లేదు.

"ఆ ఎత్తుపల్లాలు అసలువే మేడమ్," అన్నాడు నిరంజన్. "వాటికి సరిపోని మాట వినికిడి పెట్టదు. ఏది పడితే అది పెట్టదు."

"వాటికి ఎన్ని మాటలు సరిపోతాయి?"

అతను కళ్ళు దించుకున్నాడు. "చాలా."

"గొంతు?"

"మీదే. వయసు తగ్గించాను." అతను యంత్రం ఆపేశాడు. "నేను మోసం చెయ్యాలని చెయ్యలేదు. చాలా మాటల్లో ఒకటి నిజమైనదే అయి ఉంటుంది కదా, దగ్గరివాళ్ళు చెప్పే వివరాలతో అది దొరుకుతుందనుకున్నాను. వాళ్ళు ఏడుస్తూ నా చేతులు పట్టుకునేవాళ్ళు. దొరికిందనే అనుకున్నాను."

"దీవి పాట?"

"యంత్రానికి పక్క దీవుల పాటలు నేర్పించాను." అతని గొంతు తగ్గింది. "అది నిజమో కాదో నాకూ తెలియదు."

 వెనక కుర్చీలోంచి సింహాద్రి నెమ్మదిగా అన్నాడు. "ఇందాకటి మాట కుముదిని అనలేదు. అని ఉంటే ఎంత బాగుణ్ణు."

* * *

బయట మెట్ల మీద, కింద సముద్రం కనిపించేచోట తండ్రీకూతుళ్ళు కూర్చున్నారు. ఎండ ఇంకా ఉంది.

"మరి అమ్మ ఏమంది?"

"ఆ డబ్బా కట్టేసి పిల్లని ఎత్తుకో, అంది. అంతే. నీ కాళ్ళకి తడి ఇసక అంటుకుని ఏడుస్తన్నావు. నేను కెమెరా ఆపేసేను. నిన్నెత్తుకున్నాను."

 తర్వాత ఏం జరిగిందని అడగడానికి మృణాళినికి ఇప్పుడు భయమేసింది.

"మీ అమ్మ నడుం లోతు దాకా వెళ్ళింది. ఎప్పుడొచ్చినా వెళ్ళేదే. అంతలో కాళ్ళకింద ఇసక జారినట్టుంది, చెయ్యి పైకెత్తింది. ముందు నవ్వుతోందనుకున్నాను. తరవాత తెలిసింది. నిన్ను ఇసకలో దించేసి పరిగెట్టేను. ఈత రాకపోతే ఏటి, పట్టుకోగలననుకున్నాను." ఆయన అరచేతులు మోకాళ్ళకు రుద్దుకున్నాడు. "వెనకాల నీ ఏడుపు దగ్గిరకొస్తోంది. తిరిగి చూస్తే నువ్వు నా వెనకే నీళ్ళలోకి వచ్చేస్తన్నావు. కెరటం నిన్ను పడేసింది. నేను వెనక్కి వచ్చేను. నిన్ను పట్టుకుని మళ్ళీ చూసేసరికి అక్కడెవ్వరూ లేరు."

కింద రోడ్డు మీద బస్సు ఒకటి వెళ్ళింది.

"ఇది నీకెలగ చెప్పను తల్లీ? నీకోసం వెనక్కి తిరిగేనని చెప్తే నువ్వెలగ బతుకుతావు? అందుకే మొన్న వినిపించినప్పుడు కూడా అది కుముదిని మాట కాదని అనలేదు, నన్నే అనుమానించుకో, ఫర్వాలేదనుకున్నాను. పైడి అనేది కూడా వినబడేది నాకు. అననీ అనుకున్నాను."

మృణాళిని తండ్రి చెయ్యి పట్టుకుంది.  ఆ చేతుల్ని ఎన్ని భోజనాల దగ్గర ఎలా చూసిందో ఆయనకు తెలుసునని ఆమెకు అప్పుడర్థమైంది.

* * *

నిజం బయటపెట్టొద్దని నిరంజన్ బతిమాలాడు. కొంతకాలం ఆగితే యంత్రాన్ని బాగుచేస్తానన్నాడు. మృణాళిని ఆగలేదు. పండితులకు రాసింది. తర్వాత, రీళ్ళు తెచ్చిన కుటుంబాలకు ఒక్కొక్కరికీ తనే ఫోను చేసి చెప్పింది.

మెచ్చుకుంటారనుకుంటే పొరపాటు. కొందరు తిట్టారు. కొందరు వినకుండా పెట్టేశారు. శ్రీకాకుళం నుంచి ఒకావిడ, సైన్యంలో పోయిన మొగుడి మాట విని వెళ్ళినావిడ, అంతా విని, "ఆయన అలగ మాటాడరని నాకు ముందే తెలుసమ్మా. ఎప్పుడూ నన్ను పేరెట్టి పిలవలేదు. మీరు చెప్పకుండా ఉండాల్సింది," అంది. కనకాంబ మాత్రం గట్టిగా నవ్వింది. "మా అన్నది అబద్ధమని నేనెప్పుడో చెప్పాను. నాది మాత్రం మా నాన్నేనమ్మా." రామభద్రం కూడా సరిగ్గా అదే అన్నాడు, చెల్లెలి గురించి.

దీవి పాటను పక్క దీవిలో బడిపిల్లలకు అప్పటికే నేర్పేశారు. అబద్ధమని తెలిశాక కూడా ఎవరూ మానలేదని, ఆ రోజు తల వంచి నిలబడ్డ పండితుడు రాశాడు. మానమని చెప్పడానికి తనకు నోరు రాలేదనీ రాశాడు.

ప్రయోగశాల మూతపడింది. నిరంజన్ బాపట్ల వెళ్ళిపోయాడని ఎవరో అన్నారు. మృణాళిని ఇంట్లోనే ఒక గదిలో రీళ్ళు బాగుచేసే పని మొదలుపెట్టింది. మూగవి మూగగానే తిరిగి ఇస్తుంది.

సింహాద్రి ఇంటికి వచ్చేశాడు. ఇద్దరి మధ్యా మాటలు పెరిగాయి. కుముదిని పేరు ఇప్పుడు ఆ ఇంట్లో భోజనాల దగ్గర కూడా వినిపిస్తోంది. ఒక మధ్యాహ్నం ఆయన కిటికీ పక్కన పడక్కుర్చీలో ఉండగా, మృణాళిని నేలమీద కూర్చుని పెసలు ఏరుతూ అడిగింది.

"నాన్నా, అమ్మ గొంతు అసలు ఎలా ఉండేది?"

ఆయన వెంటనే చెప్పబోయాడు. నోరు తెరిచి ఆగిపోయాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"కొంచెం బరువుగా ఉండేదనుకుంటాను. నీలాగ కాదు." మళ్ళీ ఆగాడు. "ఓడలో చెవులకి ఫోన్లెట్టుకుని కూర్చుంటే, ఆ గరగరలో కూడా మీ అమ్మ మాటాడినట్టే ఉండేది. ఇన్నేళ్ళూ ఉంది. కొట్లో కూర్చున్నా ఉండేది."

"ఇప్పుడు?"

"ఆ యంత్రం మాట విన్నకాడి నుంచి, ఎప్పుడు తలచుకున్నా ఆ గొంతే వస్తోంది తల్లీ. మూడు సార్లు విన్నాను. అంతే. అసలుది ఎటుపోయిందో తెలీడం లేదు."

మృణాళిని చెయ్యి చేటలో అలాగే ఉండిపోయింది. ఆ రీలు దొంగతనంగా తీసుకెళ్ళింది తను. ఆ మాట ఆయనకు వినిపించిందీ తనే. ఏదో చెప్పాలని, "నాన్నా," అంది.

ఆయన చెయ్యి కొంచెం పైకెత్తాడు. కోపంగా కాదు. బతిమాలుతున్నట్టు.

"కాసేపు నువ్వేటీ మాటాడకమ్మా. నీ గొంతు కూడా అలగే ఉంది. దొరుకుతాదేమో చూస్తాను."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. మృణాళిని చేట పక్కన పెట్టి, గాజులు చప్పుడు కాకుండా మోచేతుల మీదికి తోసుకుని, మాట్లాడకుండా కూర్చుంది.